చిలకకు గోరింక జోడీ ఎలా అయింది?

సందేహం: మా చెల్లి పెళ్లి శుభలేఖలో ‘చిలకాగోరింకల్లా కలకాలం ఉండాలి’ అని వేయిద్దామనుకున్నాం. మా బాబాయి ఒప్పుకోవడం లేదు. గోరింక తప్పు, గోరువంక అనాలట. పైగా చిలక జాతి వేరు, గోరువంక జాతి వేరు, వాటికి జంటేమిటి అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: నిస్సంకోచంగా అలాగే వేయించండమ్మా.

గోరువంక, గోరింక, గోరొంక మూడూ ఒకే పిట్ట పేర్లు. హైదరాబాదులో మైనా అనే మాట కూడా వినిపిస్తుంది, అది హిందీ నుంచి వచ్చింది. నిఘంటువుల్లో గొరవంక అనే రూపమూ ఉంది, కన్నడంలోనూ గొరవంకే. ఆ రూపంలో గోరు లేదు. అందుకే వంకర గోళ్లున్నందుకు ఆ పేరు వచ్చిందంటే నాకు సబబుగా తోచదు. పాఠంలోనో వ్యాసంలోనో గోరువంక అని రాయండి. దీవెనలో మాత్రం గోరింకే రావాలి. ‘చిలుకాగోరువంకల్లా ఉండండి’ అని ఏ పెద్దావిడా అక్షింతలు వేయగా నేను వినలేదు.

ఇక జంట సంగతి. ఇది సంస్కృతంలోని శుకశారికల జోడీ. శుకమంటే చిలక, శారిక అంటే గోరింక. రెండూ పలుకులు నేర్చే పిట్టలు కావడంతో పూర్వం ఇళ్లలో పెంచి మాటలు నేర్పేవారు. వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో శుకశారికా ప్రలాపనం ఒకటి. అక్కడ శుకం పుంలింగం, శారిక స్త్రీలింగం. తెలుగులోకి వచ్చేసరికి వరస తిరగబడింది. చిలకమ్మ పెళ్లికూతురు, గోరింక పెళ్లికొడుకు. మన భాషలో చిలకైనా గోరింకైనా ‘వచ్చింది’ అనే అంటాం కనుక ఈ మార్పుకు వ్యాకరణం అడ్డు రాలేదు. చిలకమ్మ మీద మనకు ఎంత ముద్దంటే, శుభలేఖల మీద మెడలో కంఠి ఉన్న రామచిలకనే వధువుగా వేస్తాం. నిజానికి ఆ నలుపు, గులాబి రంగుల కంఠి స్పష్టంగా ఉండేది ఎదిగిన మగచిలకకే.

మీ బాబాయిగారి రెండో మాటలో మాత్రం నిజముంది. ఎండాకాలం మొదట్లో మా ఎదురింటి గోడ కన్నంలో ఒక గోరింకల జంట కాపురం పెట్టింది. ఒకటి ఎండుగడ్డి తెచ్చేది, ఇంకోటి పాలప్యాకెట్ ముక్క ముక్కున కరుచుకుని వచ్చేది. ఒకటి లోపలికి దూరితే రెండోది తీగ మీద కూర్చుని తల ఎగరేస్తూ అరిచేది. రెంటికీ అదే పసుపు ముక్కు, కంటి చుట్టూ అదే పసుపు. ఏది మగో ఏది ఆడో చూపుకు తెలియదు. ఓ పొద్దున రామచిలక ఒకటి వచ్చి కన్నంలోకి తొంగిచూసింది. రెండు గోరింకలూ కలిసి దాన్ని వీధి చివరి వేపచెట్టు దాకా తరిమాయి! రెండు జాతులూ గూటికి కన్నాలే వెతుక్కుంటాయి కాబట్టి ఈ పోట్లాట తప్పదు.

గోరింకకు గోరింకే జోడీ. గూడు కట్టడం, పొదగడం, పిల్లలకు మేత పెట్టడం రెండూ పంచుకుంటాయి. టీకొట్టు ముందు బిస్కెట్ ముక్కల కోసం మన కాళ్ల మధ్యకు వచ్చినా ఎక్కువగా ఇద్దరిద్దరుగానే వస్తాయి. పిచ్చుకలా గెంతకుండా అడుగులు వేస్తూ నడుస్తాయి. ఆ అన్యోన్యం రోజూ గుమ్మంలో కనబడుతుంటే జంట అనగానే జనానికి గోరింక గుర్తుకు రావడంలో వింత లేదు. చిలక పుస్తకాల్లోంచి వచ్చి పక్కన చేరిందని నా అభిప్రాయం.

ఒక్క జాగ్రత్త. ‘చిలకాగోరింకల్లా’ అని కలిపి వేయించండి, ఇది ద్వంద్వ సమాసం. విడదీస్తే ‘చిలకా, గోరింకా’ అని రెంటికీ దీర్ఘం ఇవ్వాలి. ‘చిలక గోరింకల్లా’ అని ప్రెస్సువాళ్లు దీర్ఘం ఎగరగొట్టడం తరచూ చూస్తున్నాను. ప్రూఫు మీరే చూసుకోండి.