జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ఫిజిక్స్ పోయిందని అమ్మాయి గది దాటి రావడం లేదు

ప్రశ్న: మాది కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర ఊరు. మా ఆయన నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పనిచేస్తారు. మాకు ఒక్కతే అమ్మాయి. ఇంటర్ ఎంపీసీలో 968 మార్కులు వచ్చాయి. చీటీ పాడి, నా గాజులు బ్యాంకులో పెట్టి రెండేళ్లు హాస్టల్లో ఉంచి ఐఐటీ కోచింగ్ ఇప్పించాం. మొన్న జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసింది. మొదటి పేపరు అయ్యాక బయటికి వస్తే చెట్టు కింద కూర్చోబెట్టి పెరుగన్నం తినిపిస్తున్నాను. వాళ్ల నాన్న ‘ఫిజిక్స్ ఎన్ని చేశావు?’ అన్నారు. ముద్ద పక్కన పెట్టేసింది. మళ్లీ తినలేదు. రెస్పాన్స్ షీటు (తను పెట్టిన జవాబుల నకలు) వచ్చాక లెక్క వేసుకుంటే ఫిజిక్స్‌లో 120కి 19, మొత్తం 360కి 81 అని చెప్పింది. అప్పటి నుంచి గదిలోనే ఉంటోంది, సరిగా తినడం లేదు, నిద్రపోవడం లేదు. అదే పేపరు మళ్లీ మళ్లీ చేస్తోంది. ఆయన ఏమీ మాట్లాడరు. రోజంతా రాతి దుమ్ములో నిలబడి వచ్చి, అన్నం తిని, గోడ వైపు తిరిగి పడుకుంటారు. కోపంగా ఉన్నారనుకుంటున్నాను. మా బావగారు లాంగ్ టర్మ్‌కు (ఏడాది పాటు మళ్లీ కోచింగ్‌కు) పంపమంటున్నారు. మొన్న రాత్రి ‘నేను లేకపోతే మీకు ఈ అప్పులు ఉండేవి కావు’ అంది. తను చేసిన లెక్కల ఫొటోలు పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మార్కుల కంటే ముందు పట్టించుకోవలసింది ఆ చివరి మాట. ‘నేను లేకపోతే’ అని పిల్లలు కోపంలోనూ అంటారు, నిజంగానే బతుకు మీద విసుగు పుట్టినప్పుడూ అంటారు. రెండింటిలో ఏదో మనం ఊహించుకోకూడదు. ఈ రోజే పక్కన కూర్చుని సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా తల్లీ?’ అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు. తన మనసులో ఉన్నది ఇంకొకరికి తెలిసిందన్న ఊరట కలుగుతుంది. అవునన్నా, జవాబు చెప్పకుండా తల తిప్పుకున్నా ఆమెను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేయండి. ఉచితం, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. కడప రిమ్స్ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, మర్నాడే తీసుకెళ్లండి. కాదని చెప్పినా, నిద్ర, తిండి ఇంకో వారం ఇలాగే ఉంటే అప్పుడైనా వైద్యులకు చూపించాలి.

ఇక ఫొటోల సంగతి. ఈ పనిలోకి రాకముందు నేను జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. అందుకే ఆ పదకొండు పేజీలు చూసి పక్కన పెట్టలేకపోయాను, పెన్సిలు పట్టుకుని కూర్చుని చదివాను. మీ అమ్మాయికి ఫిజిక్స్ వచ్చు. ఓదార్పు కోసం అంటున్న మాట కాదిది. ఇంట్లో తీరిగ్గా చేసినప్పుడు సగానికి పైగా ప్రశ్నలు ఎవరి సాయమూ లేకుండా చివరిదాకా సరిగ్గా చేసింది. ఆ పేపరులో సగం చేయగలగడం చిన్న విషయం కాదు.

మూడో పేజీ చూసి చాలా సేపు ఆగిపోయాను. వాలుతలం మీద ఒక గోళం జారకుండా దొర్లుతూ దిగుతుంది, దాని మీద ఘర్షణ ఎంత అన్నది అక్కడి లెక్క. పరీక్షలో మీ అమ్మాయి ఘర్షణ గుణకాన్ని అభిలంబ బలంతో (తలం గోళాన్ని లంబంగా నెట్టే బలంతో) గుణించి రాసేసింది. చాలామంది పిల్లలు చేసే తప్పే ఇది, నా తరగతిలో ఏటా కనిపించేది. ఆ సూత్రం చెప్పేది ఘర్షణ ఎంతవరకు పెరగగలదో ఆ హద్దును, అంటే సీమాంత ఘర్షణను. గోళం జారనప్పుడు ఘర్షణ అంతవరకు వెళ్లదు, దొర్లడానికి ఎంత అవసరమో అంతే ఉంటుంది. ఘనగోళానికైతే, బరువులో వాలు వెంట కిందికి లాగే భాగంలో ఏడింట రెండు వంతులు. ఇంట్లో చేసినప్పుడు తనే ఈ సంగతి పట్టుకుంది, ఏడింట రెండు వంతులు రాబట్టి కింద గీత గీసింది. ఆ గీత పక్కన ఎర్ర సిరాతో ‘మొద్దు’ అని రాసుకుంది. తన తప్పు తనే కనిపెట్టి, తనే దిద్దుకున్న పిల్ల ఆ మాట రాసుకోవడం చూసి నాకు బాధేసింది.

ఈ కింది భాగం అమ్మాయికి చదవడానికి ఇవ్వండి.

తల్లీ, నీ 19 మార్కులను నేను ఇంకోలా లెక్క కట్టాను. ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులుండే ప్రశ్నల్లో నాలుగు చోట్ల నీకు మైనస్ రెండేసి పడింది. నాలుగింటిలోనూ నీకు కచ్చితంగా తెలిసిన ఆప్షన్లు ఒకటో రెండో ఉన్నాయి, వాటిని సరిగ్గానే పెట్టావు. ఆ పైన ‘ఇది కూడా అయి ఉంటుంది’ అని ఇంకొకటి కలిపావు. ఆ ఒక్కటీ తప్పు కావడంతో మొత్తం మైనస్‌లోకి పోయింది. తెలిసిన వాటితో ఆగి ఉంటే ఒక్కో ప్రశ్నకు ఒకటో రెండో మార్కులు వచ్చేవి. మైనస్ ఎనిమిది ఉన్న చోట ప్లస్ నాలుగు నుంచి ఎనిమిది. అంటే ఈ నాలుగు ప్రశ్నల్లోనే 12 నుంచి 16 మార్కుల తేడా. ఇది ఫిజిక్స్ రాకపోవడం వల్ల పోయింది కాదు. నీకు తెలిసిన దానికీ తెలిసినట్టు అనిపించిన దానికీ మధ్య గీత ఎక్కడుందో ఆ తొందరలో కనిపించలేదు. ఆ గీత చూడటం అలవాటు చేసుకుంటే వస్తుంది.

రెండోది. మొదటి పేపరు ఫిజిక్స్‌లో 14 వచ్చాయి, రెండో దానిలో 5. రెండో పేపరు మొదటి ప్రశ్నను పరీక్షలో వదిలేశావు, ఇంట్లో నాలుగు నిమిషాల్లో చేశానని పక్కనే సమయం వేసుకున్నావు. అన్నం వదిలేసి, మనసులో మొదటి పేపరు మార్కులు కూడుకుంటూ మళ్లీ హాల్లోకి వెళ్లి ఉంటావని నా ఊహ. పన్నెండు నుంచి రెండున్నర దాకా ఉండే ఆ విరామం కూడా ఈ పరీక్షలో భాగమే. దానికి ఎలా సిద్ధపడాలో కోచింగ్‌లో ఎవరూ చెప్పరు.

నిజంగా రానివి కూడా ఉన్నాయి. ఏకాంతర విద్యుత్తు మీద రెండు ప్రశ్నలు ఇంట్లోనూ చేయలేదు, తరంగ దృశాశాస్త్రంలో ఒకటి సగంలో ఆపావు. వాటిని మళ్లీ చదవాల్సిందే, అందులో దాచేదేమీ లేదు. అయితే రానివి, తొందరలో పోయినవి, ఊహించి పోగొట్టుకున్నవి అన్నీ ఒకే కుప్పగా పోసి దానికి ‘మొద్దు’ అని పేరు పెట్టావు. ఆ కుప్పను విడదీయి. ఒక్కో ప్రశ్నకు ఎందుకు పోయిందో ఒకే వాక్యం రాయి. ‘సీమాంత ఘర్షణ అనుకున్నాను’ అన్నట్టు, అంత చిన్నగా. ఒక పూటలో అయిపోతుంది. అయ్యాక ఆ కాగితం అమ్మ చేతికిచ్చి, ఆ పేపరును ఇంక ముట్టుకోకు. ఏడోసారి చేసినా అందులో కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు.

81 గురించి కూడా ఒక మాట. ఉమ్మడి ర్యాంకుల జాబితాలో చేరడానికి 2022లో 360కి 55 మార్కులు సరిపోయాయి. 2024లో 109 కావాల్సి వచ్చింది. 2025లో 74. ఒక్కో సబ్జెక్టులో కూడా కనీస మార్కులు ఉంటాయి, 2025లో అవి 7. పేపరు ఎంత కష్టంగా వస్తే ఆ గీత అంత కిందికి దిగుతుంది. కాబట్టి నీ 81 జాబితాలోకి వస్తుందో రాదో ఫలితం వచ్చేదాకా నువ్వూ చెప్పలేవు, మీ పెదనాన్నా చెప్పలేరు. జాబితాలో పేరుంటే సీటు వచ్చినట్టేనని మాత్రం అనుకోకు. 2025లో 54 వేలకు పైగా అర్హులయ్యారు, ఐఐటీలన్నిటిలో కలిపి ఉన్న సీట్లు 18 వేల చిల్లర. ముందే తెలిసి ఉంటే ఫలితం రోజు కాళ్ల కింద నేల కదలదు. ఇంటర్‌లో 968 తెచ్చుకున్న పిల్లకు 19 అన్న అంకె పరువు తీసినట్టు అనిపించడం సహజం. అక్కడ చదివిన పాఠం వచ్చిందా అని అడుగుతారు, ఇక్కడ ఎప్పుడూ చూడని లెక్క ముందు పెట్టి ఏం చేస్తావో చూస్తారు. ఆ రెండు మార్కులను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

అమ్మా, మళ్లీ మీతో. ఆయన మౌనం గురించి రాశారు. రోజంతా రాతి దుమ్ములో నిలబడి వచ్చి, అన్నం తిని, గోడ వైపు తిరిగి పడుకుంటున్నారని. కోపం అనుకుంటున్నారు మీరు. ఆ చెట్టు కింద తన ప్రశ్నతోనే బిడ్డ ముద్ద పక్కన పెట్టిందని ఆయనకు తెలియదా? మళ్లీ నోరు తెరిస్తే ఇంకేం జరుగుతుందోనని భయపడుతున్నారేమో. కానీ గదిలో ఉన్న పిల్లకు ఆ మౌనం ‘నా డబ్బు వృథా చేశావు’ అన్నట్టే వినిపిస్తుంది. ఆయన పెద్దగా ఏమీ మాట్లాడనక్కర్లేదు. ‘ఆ రోజు మధ్యలో అడగకుండా ఉండాల్సింది తల్లీ, నాదే తప్పు’ అంటే చాలు. మన ఇళ్లలో తండ్రి నోట ఈ మాట రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను, ఆయనే అనాలి. ఆయన తరఫున మీరు చెప్తే సరిపోదు.

అప్పు సంగతి దాచకండి. చీటీకి నెలకు ఎంత కడుతున్నారు, ఇంకా ఎన్ని నెలలు, గాజుల మీద ఎంత తీసుకున్నారు, ఇవన్నీ కాగితం మీద వేసి ముగ్గురూ కలిసి చూడండి. పిల్లలు చెప్పని అప్పును అసలు అప్పు కంటే పెద్దదిగా ఊహించుకుంటారు. అంకె కనిపిస్తే, అది ఎప్పటికి తీరుతుందో కూడా కనిపిస్తుంది. ఆ అప్పు చేసిన నిర్ణయం మీ ఇద్దరిదనీ, అప్పటికి పదిహేనేళ్లున్న పిల్లది కాదనీ అదే కూర్చోవడంలో చెప్పండి.

లాంగ్ టర్మ్ గురించి మీ బావగారికి ఇప్పుడే జవాబు చెప్పకండి. అడ్వాన్స్‌డ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లు రాయొచ్చు కాబట్టి ఇంకో అవకాశం ఉంది. దాన్ని వాడుకోవాలా వద్దా అన్నది అమ్మాయి నోటి నుంచే రావాలి, అదీ ఈ వారంలో కాదు. రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకుతో అనంతపురం, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలు ఉన్నాయి. జేఈఈ మెయిన్ ర్యాంకును బట్టి కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎం లాంటివి చూడొచ్చు. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 40 ఫిజిక్స్, మైనస్ మార్కులు ఉండవు. అక్కడ మీ అమ్మాయి బలం పూర్తిగా కనిపించే వీలుంది. ఆ పేజీల్లో లెక్కల పక్కన తను గీసుకున్న బొమ్మలు చూస్తే మాత్రం ఈ పిల్లకు ఇంజనీరింగ్ కంటే ఫిజిక్సే ఇష్టమేమో అనిపించింది. ఒకసారి అడిగి చూడండి. అవునంటే సైన్సు చదువుకు, పరిశోధనకు ఉన్న కేంద్ర సంస్థ తిరుపతి ఐసర్ ఉంది, ప్రవేశం వాళ్ల సొంత పరీక్షతోనే ఉంటుంది. ఈ ఏడాది గడువు దాటిపోయి ఉంటే వచ్చే ఏటికైనా మనసులో ఉంచుకోవచ్చు.

మళ్లీ రాస్తానంటే, మళ్లీ హాస్టలే అక్కర్లేదు. పాత ప్రశ్నపత్రాలు పరీక్ష అధికారిక వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. రోజుకు రెండే కొత్త లెక్కలు, ఒక్కోదానితో ముప్పై నలభై నిమిషాలు జవాబు చూడకుండా తంటాలు పడాలి. నెలకు ఒక ఆదివారం ఉదయం తొమ్మిదికి ఒక పేపరు, మధ్యాహ్నం రెండున్నరకు ఇంకొకటి, అసలు పరీక్ష లాగే రాయాలి. మధ్యలో అన్నం మీరు పెట్టండి. వాళ్ల నాన్న పక్కన కూర్చుని ఊళ్లో సంగతులు, యూనిట్ సంగతులు ఏవైనా చెప్పొచ్చు, పేపరు మాట మాత్రం ఎత్తకూడదు. ఆ రెండున్నర గంటలు ఎలా గడపాలో ఆయనకు కూడా అభ్యాసం కావాలి కదా.

ఫలితం రోజు ముందు ఇంత టిఫిన్ తిననివ్వండి. ఫలితం చూడటానికి ఫోనులో పరీక్ష నంబరు అమ్మాయే కొట్టాలి, మీరిద్దరూ చెరో పక్కన ఉండండి. ఆ రోజు చుట్టాల ఫోన్లు అమ్మాయికి ఇవ్వొద్దు. బావగారి ఫోను వస్తే వాళ్ల నాన్నే ఎత్తాలి.