గ్రానైట్ పాలిషింగ్ నీళ్లు తేటపడాలంటే ఏ జెల్ కొనాలి?

పాలిషింగ్ మెషిన్ దగ్గర పాలలా వచ్చే నీళ్లు తొట్టిలో మూడు రోజులున్నా తేటపడటం లేదనీ, జెల్ వేస్తే సన్నపొడిని పట్టుకుంటుందని విన్నాననీ, ఏది కొనాలో చెప్పమనీ అడిగారు. కాటేదాన్ వైపు ఒక యార్డులో నాలుగేళ్లు చేశాను, ఇదే తిప్పలు పడ్డాను. ఆ జెల్ కొనక్కర్లేదు. మీ తొట్టిలోనే పుడుతుంది.

నేను మాత్రం కొన్నాను. నర్సరీలో కుండీలకు వేసే జెల్ గుళికలు కిలో తెచ్చి డ్రమ్ములో పోశాను. పొద్దున్నే మిస్త్రీ మూత తీసి ఒకటే నవ్వు: "సార్, ఇది నీళ్లు తాగింది గానీ బురదను ముట్టలే." నిజమే, ఆ గుళికలు నీటినే పీల్చుకుంటాయి, రాతిపొడి బయటే ఉండిపోతుంది. పైగా మాది కాల్షియం ఎక్కువున్న బోరునీళ్లు. అందులో అవి సరిగ్గా ఉబ్బను కూడా లేదు.

పొడి ఎందుకు దిగదంటే, 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రాతి రేణువు మీటరు లోతు దిగడానికి సుమారు మూడు గంటలు చాలు, 1 మైక్రాన్ రేణువుకు దాదాపు పదమూడు రోజులు కావాలి. దానికి తోడు సన్న రేణువులన్నింటి మీదా ఋణ విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కలిసి బరువెక్కవు.

దీనికి మందు పటికే. నీళ్లలో పడ్డాక అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారుతుంది, అదే మీరు విన్న జెల్. దూదిపింజల్లా అల్లుకుని, కిందికి దిగుతూ పొడిని వలలా ఊడ్చుకుపోతుంది. మా అమ్మమ్మ బురదనీళ్ల కుండ లోపల ఇండుప గింజ అరగదీసేది. అక్కడ గింజలోని జిగురు చేసే పనీ ఇంచుమించు ఇదే.

ఎంత వేయాలో ఎవరినీ అడక్కండి, సీసాల్లో చూసుకోండి. లీటరు నీళ్లలో 10 గ్రాముల పటిక కరిగించండి. ఐదు సీసాల్లో లీటరు చొప్పున మురికినీళ్లు తీసుకుని, ఆ ద్రావణం 5, 10, 15, 20, 30 మిల్లీలీటర్లు పోయండి. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల పటిక పడ్డట్టు. ఒక నిమిషం జోరుగా కలిపి, తర్వాత ఇరవై నిమిషాలు గరిటెతో చాలా మెల్లగా తిప్పాలి. అందరూ చెడగొట్టేది ఇక్కడే. మా హెల్పర్ చేయి నొప్పని డ్రిల్ మెషిన్‌కు కడ్డీ బిగించి గిరగిరా తిప్పాడు, పింజలన్నీ చిరిగిపోయి మళ్లీ పాలే. పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల-క్షార గుణం కొలత, 6 నుంచి 7.5 మధ్య ఉందో లేదో పీహెచ్ కాగితంతో చూడండి. పటిక దాన్ని దించుతుంది. మరీ దిగితే కాస్త సున్నం తేట కలపండి. అన్నిటికన్నా తక్కువ పటికతో తేటపడిన సీసా లెక్కనే తొట్టికి వేయండి.

అప్పటికీ పింజలు చిన్నగానే ఉంటే, మేం 'పాలీ' అనేది, అంటే చిన్న పింజలను కలిపి పెద్దవి చేసే పాలీఎలక్ట్రోలైట్ పొడి, పటిక తర్వాత వేయాలి. లీటరు నీళ్లను తిప్పుతూ ఒక గ్రాము పొడిని చిటికెడు చిటికెడుగా చల్లండి. ఒక్కసారే పోస్తే ముద్ద కట్టి ఎంతకీ కరగదు. గంటసేపు నానితే చిక్కటి జిగురవుతుంది. వెయ్యి లీటర్ల తొట్టికి ఆ లీటరుతో మొదలుపెట్టండి. ఎక్కువ వేస్తే నీళ్లు తేటపడకపోగా నేలంతా జారుడే, నేను పడి మోచేయి గీరుకున్నాను.

అడుగున దిగిన బురదను నాలాలోకి వదలకండి. గోనెసంచుల్లో వడకట్టి ఎండబెట్టాలి. పై తేటనీళ్లు మళ్లీ మెషిన్‌కే పెట్టుకోవచ్చు, ఎండాకాలంలో మాకు ట్యాంకర్ల ఖర్చు అలాగే తగ్గింది.

ఒకటి చెప్పడం మరిచాను. మీ దగ్గర రాయి పగుళ్లకు రెసిన్ పూస్తున్నా, మెషిన్ ఆయిల్ కారి తొట్టిలో కలుస్తున్నా ఈ లెక్క సరిపోదు. ముందు ఆ నీళ్లకు పైపు వేరు చేసి, తర్వాత సీసాలు పట్టుకోండి.