గిఫ్టు మాట, పసుపు కుంకుమ పొలం

ప్రశ్న: మా నాన్నగారు అంబాజీపేట దగ్గరున్న కొబ్బరి తోటలో 50 సెంట్లు నాకు పసుపు కుంకుమ కింద రాస్తానంటున్నారు. దస్తావేజులు రాసే ఆయన ‘గిఫ్ట్ డీడ్’ అంటున్నారు. గిఫ్టంటే పుట్టినరోజుకిచ్చే కానుక కదా! పొలానికి ఆ మాటేమిటి? అసలెక్కడ పుట్టింది?
– ఓ పాఠకురాలు, కోనసీమ

జవాబు: గిఫ్టు పెళ్లిళ్లతో ముడిపడిన మాటేనండి. పాత ఇంగ్లీషులో దానికి వధువు కోసం చెల్లించే సొమ్మని అర్థం, మన ఓలి లాంటిది. బహువచనంలో వాడితే పెళ్లనే. అప్పట్లో ‘యిఫ్ట్’ అన్నట్టు పలికేవారు. మాట మొదటి అక్షరంలో గట్టి గకారం, ఊరికే ఇచ్చేదన్న అర్థం తర్వాత స్కాండినేవియా వారి పాత నార్స్ భాష ప్రభావంతో వచ్చాయి. స్వీడిష్‌లో ఇప్పటికీ పెళ్లయినవారిని ఈ మాటతోనే చెబుతారు. జర్మన్‌లో ‘మిట్‌గిఫ్ట్’ అంటే కట్నం, వట్టి ‘గిఫ్ట్’ అంటే విషం! గ్రీకులో ‘డోసిస్’ అంటే ఇవ్వడం, ఇచ్చే మందు కూడా. ఆ పోలికతోనే జర్మన్ మాట మందు మీదుగా విషానికి చేరింది. మనం డాక్టరు దగ్గర వినే ‘డోసు’ కూడా ఆ డోసిసే.

ఇక మీ తోట సంగతి. 1882 ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షన్ ప్రకారం, ఉన్న ఆస్తిని ఇష్టపూర్వకంగా, ప్రతిఫలం లేకుండా ఇస్తే అది గిఫ్టు. ఆయన బతికుండగానే మీరు పుచ్చుకోవాలి, ఆ సంగతి దస్తావేజులోనే రాయించి మీరూ సంతకం చేయండి. ‘నా తదనంతరం చెందాలి’ అని రాస్తే అది వీలునామా అవుతుంది, ఆయన ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

తెల్లకాగితం మీద రాసుకుని ఊరుకోవద్దు. తోట మీకు దఖలు పడాలంటే నాన్నగారి సంతకం, ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సంతకమైన నాలుగు నెలల్లోగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాఖలు చేయాలి. తగాదాలు ఎక్కువగా హద్దుల దగ్గరే వస్తాయి. ‘తూర్పున బోదె’ అని వదిలేయకుండా సర్వే నంబరు, ఆ 50 సెంట్లు ఏ పక్కవో, బోదె గట్టు ఎవరిదో, నడిచే దారి ఎటో రాయించండి. తాతగారి నాటి ఉమ్మడి ఆస్తయితే ముందు వాటాలు తేల్చుకోవాలి. తర్వాత పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మార్పించుకోండి.

రిజిస్టరైన గిఫ్టును మనసు మారిందని రద్దు చేయడం కుదరదు. అందుకే నాన్నగారికి అరవై దాటి ఉంటే, ఆయన బాగోగులు మీరు చూడాలన్న షరతు స్పష్టంగా రాయించమని చెప్పండి. అది తప్పితే 2007 వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద ఆయన ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.