వాము చెట్టా, వామాకు మొక్కా?

సందేహం: మా స్నేహితురాలు ఒక కొమ్మ విరిచి ఇచ్చి, "వాము చెట్టు, కుండీలో గుచ్చితే చాలు" అంది. అలాగే బతికింది. ఏళ్లు గడుస్తున్నా ఎండిపోలేదు, ఒక్క వాము గింజా రాలేదు. పక్కింటావిడ అది రణపాల అంటారు, నర్సరీ అతను కర్పూరవల్లి అన్నాడు. ఆకు మందంగా, నూగుతో ఉంటుంది, నలిపితే అచ్చం వాము వాసన. ఇంతకీ దాని పేరేమిటి? 'వాము చెట్టు' అనడం తప్పా? ఇలా ఏళ్ల తరబడి ఉండేదాన్ని 'శాశ్వత మొక్క' అని రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: ఆకు గురించి మీరు రాసిన ఒక్క వాక్యంతోనే సగం తేలిపోయింది. అది రణపాల కాదు. రణపాల ఆకు నున్నగా ఉంటుంది, నలిపినా వాము వాసన రాదు. ఆ ఆకును తడి మట్టిమీద పడేస్తే అంచు నొక్కుల్లోంచి పిల్లమొక్కలు లేస్తాయి. హిందీలో దాన్ని పత్తర్‌చట్టా అంటారు, మీ దగ్గరున్నదాన్ని పత్తర్‌చూర్ అంటారు. పేర్లే ఇంత దగ్గరగా ఉంటే జనం తికమక పడరా మరి! మీ మొక్క లేత కొమ్మను వేళ్ల మధ్య తిప్పి చూడండి. నాలుగు పలకలుగా తగిలితే తులసి కుటుంబమే. అలా తగిలితే మీది వామాకు అనుకోవచ్చు. శాస్త్రీయ నామం కోలియస్ అంబోయినికస్. బజ్జీల్లో వేసే ముందు మాత్రం మొక్కలు బాగా తెలిసినవాళ్లకు ఒకసారి చూపించండి. పేరు విని, వాసన చూసి ఆకు తినకూడదు.

వంటింటి వాము వేరు. అది కొత్తిమీర కుటుంబంలోది. సన్నని చీలికల ఆకులు, గొడుగుల్లాంటి తెల్లని పూలగుత్తులు ఉంటాయి. విత్తనం కట్టగానే దాని ఆయుష్షు తీరిపోతుంది. రెండింటికీ చుట్టరికం లేదు. థైమాల్ అనే పదార్థం రెండింట్లోనూ ఉంటుంది కాబట్టి వాసన కలిసింది, వాసనను బట్టి పేరు కలిసింది.

ఇలా పేరు పెట్టడం మన భాషకు కొత్త కాదు. నేలవేము వేప కాదు, వేపలా చేదు. సీమచింత చింత కాదు, కాయ చింతకాయలా వంకర తిరిగి ఉంటుంది. వామాకు కూడా ఆ వరసలోదే. వాము + ఆకు = వామాకు, ఉకారసంధి. విగ్రహవాక్యం 'వాము యొక్క ఆకు' అని చెప్పుకుంటే పప్పులో కాలేసినట్టే. 'వాము వాసన గల ఆకు' అని చెప్పుకోవాలి. సకినాల పిండిలో వేసే వామును ఓమ అనే ఇళ్లున్నాయి, వాళ్లు ఓమాకు అంటే అదీ సరే.

మీ స్నేహితురాలి 'చెట్టు' గురించి. మాటల్లో తులసి చెట్టు, గులాబీ చెట్టు అంటూనే ఉన్నాం, ఎత్తు కొలిచి మాట్లాడటం లేదు. కాబట్టి 'వాము చెట్టు'లో 'చెట్టు' తప్పు కాదు, చిక్కంతా 'వాము'తోనే. రాసేటప్పుడు 'వాము మొక్క' అన్న మాటను గింజలిచ్చే పైరుకు వదిలేసి, దీన్ని వామాకు మొక్క అంటే ఎవరికీ అనుమానం రాదు.

కర్పూరవల్లి తమిళం నుంచి వచ్చిన పేరు. నర్సరీలవాళ్లకు అదే అలవాటు. నాకు మాత్రం అంతగా నచ్చదు. వల్లి అంటే తీగ, ఇదేమో తీగ కాదు. పైగా తమిళనాడులో ఒక అరటి రకానికీ అదే పేరు. ఇంగ్లీషు పేర్లు ఇంకా వినోదం: క్యూబన్ ఒరెగానో, మెక్సికన్ మింట్, ఇండియన్ బొరేజ్. మూడు దేశాలు పంచుకున్నాయి!

ఇక 'శాశ్వత మొక్క'. శాశ్వతమైన మొక్క ఎక్కడుంది? పాఠ్యపుస్తకాల్లోని 'బహువార్షికం' మంచి మాట. 'బహువార్షిక మొక్క' అంటే సంస్కృత విశేషణానికి తెలుగు విశేష్యం తగిలించిన వైరి సమాసమని కొందరు ముఖం చిట్లిస్తారు. 'ఔషధ మొక్క' నిలదొక్కుకున్నాక ఆ టెన్షన్ మనకెందుకు? మామూలుగా రాసేచోట 'ఏళ్ల తరబడి ఉండే మొక్క' అన్నా హాయిగా ఉంటుంది. 'ఓషధి' అని మాత్రం తొందరపడి రాయకండి. ఈ రోజుల్లో మందు మొక్కలన్నిటినీ ఓషధులు అనేస్తున్నాం కానీ, అమరకోశం ప్రకారం ఓషధి ఫలపాకాంతం, అంటే కాయ పండగానే చచ్చిపోయేది. ఆ లెక్కన వరి ఓషధి, వాము ఓషధి. ఎంత మందుగా పనికొచ్చినా మీ వామాకు కాదు.

బహువార్షికమన్నది మొక్క స్వభావాన్ని చెప్పే మాట, మనం దాన్ని ఎన్నాళ్లు ఉంచుకుంటామన్నది కాదు. వంగ, మిరప స్వతహాగా బహువార్షికాలే, రైతు పంట అయిపోగానే పీకేస్తాడు. చలిదేశాల్లో ఉన్న మనవాళ్లు వామాకును ఆరుబయట వదిలేస్తే గడ్డకట్టే చలికి చచ్చిపోతుంది, అందుకే శీతాకాలంలో కుండీ ఇంట్లోకి తెచ్చుకుంటారు. అక్కడ కూడా దాన్ని బహువార్షికమనే రాయాలి.