మీ ప్రశ్న – మా జవాబు: అతిథుల పేర్లు తప్పు పోకుండా పలకాలంటే

ప్రశ్న: మా కళాశాలలో వచ్చే నెల ఒక అంతర్జాతీయ సదస్సు జరగనుంది. అతిథులను వేదిక మీదికి ఆహ్వానించే బాధ్యత నాకు అప్పగించారు. వస్తున్నవారిలో వియత్నాం, చైనా దేశాల ఆచార్యులు, కేరళ నుంచి ఒక శాస్త్రవేత్త ఉన్నారు. నిరుడు ఇలాంటి సభలోనే ఒక అతిథి పేరును నేను రెండుసార్లు రెండు రకాలుగా చదివాను. ఆయన నవ్వి ఊరుకున్నారు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈసారి వారిని కలవకముందే పేర్లు సరిగ్గా నేర్చుకోవాలంటే ఏం చేయాలి? పేరంతా చదవాలా, కొంత చదివితే సరిపోతుందా?
– ఒక అధ్యాపకురాలు, తార్నాక, హైదరాబాద్

జవాబు: ముందుగా తప్పు ఎక్కడ పుడుతుందో చూద్దాం. 'లత' అనే పేరును ఇంగ్లిషులో రాసేటప్పుడు మనం 'త' కోసం టీ పక్కన హెచ్ చేరుస్తాం. ఉత్తరాదివారు దాన్నే 'లథ' అని చదువుతారు. అక్షరాలు అవే అయినా వాటిని వాడుకునే పద్ధతి ఒక్కొక్క భాషకు ఒక్కొక్కటి. 2014 సెప్టెంబరులో చైనా అధ్యక్షుడు శీ జిన్‌పింగ్ మన దేశానికి వచ్చినప్పుడు, టీవీలో వార్తలు చదువుతున్న ఒకరు ఆయన ఇంటిపేరులోని ఎక్స్, ఐ అక్షరాలను రోమన్ అంకె అనుకొని 'ఎలెవన్' అని చదివేశారు. ఆ పేరును అంతకుముందు ఒక్కసారి చెవితో విని ఉంటే ఆ పొరపాటు జరిగేది కాదు.

కాబట్టి మొదటి పని, పేరును ఆ పేరుగల మనిషి నోటి నుంచే వినడం. ప్రయాణ వివరాల కోసం ఎలాగూ వారికి ఉత్తరం రాస్తారు కదా, అందులోనే 'వేదికపై మీ పేరును మీరు పలికినట్లే పలకాలని నా కోరిక, ఒక్కసారి పలికి వాయిస్ మెసేజ్ పంపగలరా' అని అడగండి. లింక్డిన్‌లో 2020 నుంచి ఎవరి పేరును వారు పలికి పెట్టుకునే వీలుంది, అక్కడా వెతకండి. ఫోనులోని అనువాద యాప్‌లో వినేటట్లయితే, ఇంగ్లిషు గొంతును వదిలి ఆ భాష గొంతునే ఎంచుకోవాలి. మీరుండే తార్నాకలోనే ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఉంది. అక్కడ చైనీస్ చదివే విద్యార్థిని ఒకరు దొరికినా మీ పని సగం తీరుతుంది.

విన్నదాన్ని వెంటనే తెలుగు లిపిలో రాసుకోండి, ఎందుకంటే ఈ పనికి మన వర్ణమాల ఎంతో అనువైనది. చైనా పేర్లలో ఎక్స్ ఉన్నచోట మన 'శ', ఎస్-హెచ్ ఉన్నచోట మన 'ష' దాదాపుగా సరిపోతాయి. క్యూ ఉంటే 'ఛ' పలకాలి. సీ ఒక్కటే ఉంటే 'చలి', 'చాప' అనేటప్పుడు పళ్ల వెనక పుట్టే 'చ'ను కాస్త ఒత్తి పలకాలి. 'చిలుక'లోని 'చ' అక్కడ పనికిరాదు.

వియత్నాంలో చాలామందికి ఉండే ఇంటిపేరు ఎన్, జీ, యూ, వై, ఈ, ఎన్ అక్షరాలతో ఉంటుంది. దాన్ని చూడగానే మనకు నోరు తిరగదు. 'అంగడి' అని నెమ్మదిగా అనండి. 'గ' పలకబోయే ముందు నాలుక వెనుక భాగం అంగిలికి ఆని, ధ్వని ముక్కులోంచి వస్తుంది. చిన్నప్పుడు పలక మీద దిద్ది మరిచిపోయిన 'ఙ' అదే. దాన్ని 'గ'గా మారనివ్వకుండా అక్కడి నుంచే 'వియెన్' లోకి జారితే, ఒకే ఊపులో 'ఙ్వియెన్' వస్తుంది. ఈ రెండు భాషల్లోనూ స్వరం హెచ్చుతగ్గులను బట్టి మాట అర్థమే మారుతుంది గనుక, ఆ హెచ్చుతగ్గులను రికార్డింగ్ విని అనుకరించడమే మార్గం.

కేరళ శాస్త్రవేత్త పేరులో జెడ్-హెచ్ కనిపిస్తే దాన్ని 'జ' అనకండి. ఆ ధ్వని ఒకప్పుడు తెలుగులోనూ ఉండేది, ప్రాచీన శాసనాల్లో దానికి ప్రత్యేకంగా 'ఴ' అనే అక్షరమే ఉంది. అది మన నోట నిలవకపోవడం వల్లనే చోఴులు మనకు ఒకచోట చోళులు, మరొకచోట చోడులు అయ్యారు. నాలుకను వెనక్కి మడిచి, అంగిలికి తాకనివ్వకుండా పలికి చూడండి. అప్పటికీ రాకపోతే 'ళ' అన్నా ఫరవాలేదు.

ఆహ్వానించేటప్పుడు పేరు పూర్తిగానే చదవాలి. చైనావారు, వియత్నాంవారు కూడా మనలాగే ఇంటిపేరు ముందు పెడతారు. అయితే చైనా ఆచార్యుణ్ణి ఇంటిపేరుతోనూ, వియత్నాం ఆచార్యుణ్ణి చివరనున్న సొంత పేరుతోనూ పిలవడం మర్యాద. 1954లో దియన్ బియన్ ఫూ వద్ద ఫ్రెంచి సేనను ఓడించిన వియత్నాం సేనాని వో ఙ్వియెన్ జాప్‌ను (ఆయన ఇంటిపేరు 'వో') లోకమంతా 'జనరల్ జాప్' అన్నది అందుకే. విదేశాల్లో తిరిగేవారు కొందరు ఈ వరుసను తిరగేసి రాస్తారు గనుక, ఎలా పిలవాలో కూడా ఆ ఉత్తరంలోనే అడిగేయండి.

సభ రోజు చేతిలోని కార్డు మీద పేరు తెలుగులో మాత్రమే, పెద్ద అక్షరాలతో ఉండాలి. పక్కన ఇంగ్లిషు స్పెల్లింగ్ ఉంటే కంగారులో కన్ను దాని మీదికే పోతుంది. పేరును విడిగా వల్లె వేయకుండా, మీరు చెప్పబోయే వాక్యం మొత్తంతో కలిపి పైకి పలకండి. సభకు ముందు టీ తాగే వేళ ఒకసారి వారి ఎదుటే పలికి, సరిగ్గా ఉందో లేదో అడగండి. 'మీ పేరు చాలా కష్టమండీ' అని మాత్రం అనవద్దు. ఇంత చేసినా వేదిక మీద నోరు జారితే 'క్షమించండి' అని ఒక్కసారి చెప్పి, పేరును మళ్లీ సరిగ్గా పలికి ముందుకు సాగండి.

నిరుటి అతిథికి కూడా ఈలోగా ఒక ఉత్తరం రాయండి. ఆయన పేరు ఎలా పలకాలో ఇప్పుడు అడిగినా ఆయన సంతోషంగానే చెబుతారు.