ఆర్‌.ఈ.ఎమ్‌. అనే అమెరికన్ రాక్ బ్యాండ్ సౌండ్ మెయిన్‌స్ట్రీమ్‌ వైపు మళ్ళింది ఏ ఆల్బమ్‌తో?

1986లో వచ్చిన 'లైఫ్స్ రిచ్ ప్యాజెంట్'తో. 1983 నాటి 'మర్మర్'లో గాయకుడు మైకేల్ స్టైప్ గొంతు గిటార్ల మధ్య సగం మునిగి ఉంటుంది, మాటలు పట్టుకోవడం కష్టం (పాత అభిమానులకు అదే ఇష్టం లెండి). రాక్ గాయకుడు జాన్ మెలెన్‌క్యాంప్ ఆల్బమ్‌లు చేసిన నిర్మాత డాన్ గెహ్‌మన్ వచ్చాక గొంతు ముందుకొచ్చింది, మాట తేటపడింది, డ్రమ్స్ గట్టిగా వినిపించాయి. రేడియోకు కావలసింది అదే: కారు స్పీకర్లోనూ పల్లవి తెలియాలి. ఈ ఆల్బమ్‌లోని 'ఫాల్ ఆన్ మీ' వింటే తేడా పట్టేయొచ్చు. మరుసటి ఏడాది 'డాక్యుమెంట్'లోని 'ద వన్ ఐ లవ్' బిల్‌బోర్డ్ హాట్ 100 అనే అమెరికా పాటల చార్ట్‌లో 9వ స్థానం దాకా వెళ్ళింది.

వార్నర్ లాంటి పెద్ద రికార్డు కంపెనీలో చేరాకే మారారని చాలామంది అనుకుంటారు. ఆ ఒప్పందం 1988లో జరిగింది. 'లైఫ్స్ రిచ్ ప్యాజెంట్', 'డాక్యుమెంట్' రెండు ఆల్బమ్‌లూ అంతకుముందు ఐ.ఆర్‌.ఎస్. లేబుల్‌లో వచ్చినవే.