గొంతు మారే వయసులో పిల్లల్ని బృందగానంలో చేర్పించవచ్చా?

మీ అబ్బాయికి 13 ఏళ్ళు, బాగా సిగ్గరి, ఈమధ్యే గొంతు మారడం మొదలైంది, బృందగానంలో చేరతానంటున్నాడు అని రాశారు. ఇప్పుడే చేర్పిస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా, లేక ముందు కొన్నాళ్ళు విడిగా పాఠాలు చెప్పించాలా అన్నది మీ సందేహం. ఇప్పుడే చేర్పించండి. నేనూ సరిగ్గా ఆ వయసులోనే చేరాను కాబట్టి ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

అంతకు ఏడాది ముందు ఒక మాస్టారు "నువ్వు పెదాలు ఆడించు చాలు, గొంతెత్తకు" అన్నారు నాతో. ఆ తర్వాత స్నానాల గదిలో కూడా పాడలేదు. కొత్త బృందాన్ని నడిపే మేడమ్ మాత్రం నా చేత నాలుగు స్వరాలు పాడించి, "గొంతు పాడైందని ఎవరన్నారు? కిందికి దిగుతోంది, అంతే" అని చెప్పి, కింది స్థాయిలో పాడేవాళ్ళ వరుసలో నిలబెట్టారు. మగపిల్లలకి ఆ వయసులో స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడవై మందమవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే 'స' నుంచి దాని కింది 'స' దాకా, కిందికి దిగుతుంది. ఆ నెలల్లో పై స్వరాల కోసం అరిస్తే ఇబ్బందిగానీ, హాయిగా పలికే నాలుగైదు స్వరాల్లో పాడుకుంటే ఏమీ కాదు. పైగా ఒక్కడే పాడుతున్నప్పుడు గొంతు జీరపోతే గదంతా వాడివైపే చూస్తుంది. ముప్పైమందిలో అది ఎవరిదో కూడా తెలియదు. సిగ్గరి పిల్లలకి ఇంతకంటే ఏం కావాలి?

నాకు నిజంగా పనికొచ్చింది మాత్రం వినడం. పాడటానికి వెళ్ళి వినడం నేర్చుకున్నాను అంటే విడ్డూరంగా ఉంటుంది. "పక్కవాడి గొంతు నీకు వినబడటం లేదంటే నువ్వు గట్టిగా పాడుతున్నట్టు" అనేవారు మేడమ్. 'ఆ' అనే ఒక్క అచ్చు మీద ఒకసారి అరగంట గడిపాం. ఒక్కొక్కరం ఒక్కోలా నోరు తెరుస్తుంటే శృతి సరిగ్గా ఉన్నా పాట గరుకుగా వినబడేది. వాద్యం లేకుండా పాడితే ఇంకో తమాషా, అందరం కలిసే మెల్లగా శృతి దిగిపోతాం, ఎవరికీ తెలియదు. చివర్లో హార్మోనియం మెట్టు నొక్కి చూపించేవారు, నవ్వుకునేవాళ్ళం.

ఊపిరి సంగతీ అంతే. పొడవైన స్వరం ఆగకుండా నిలవాలంటే అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు. నేను ఆగినప్పుడు పక్కవాళ్ళు నిలబెట్టాలి, వాళ్ళు ఆగినప్పుడు నేను. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 18 ఏళ్ళ పిల్లల చేత పాడించి చూస్తే, కలిసి పాడేటప్పుడు వాళ్ళ గుండె వేగం కూడా కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉంది. పాట వాక్యాలను బట్టి ఊపిరి నడుస్తుంది, ఊపిరిని బట్టి గుండె. రిహార్సల్ తర్వాత మనసు ఎందుకు తేలికగా ఉండేదో నాకు అది చదివాక కొంచెం అర్థమైంది.

మార్కులు పెరుగుతాయా అని ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఆశతో చేర్పించకండి. సంగీతం నేర్చుకునే పిల్లలకి చాలాసార్లు ఇంట్లో చదువుకి కూడా మంచి అండ ఉంటుంది, ఏది దేనివల్ల వచ్చిందో తేల్చడం కష్టం. ప్రోగ్రాం ముందు రెండు వారాలు చదువు కాస్త వెనకబడటం మాత్రం ఖాయం. నాకు ఒక యూనిట్ టెస్ట్ అలాగే పోయింది.

ఇక విడిగా పాఠాలు ముందా అన్న ప్రశ్న. 1975లో వెనిజులాలో హోసే ఆంటోనియో అబ్రేవు మొదలుపెట్టిన ఎల్ సిస్టెమా అనే సంగీత శిక్షణ పద్ధతిలో పిల్లల్ని ఏళ్ళ తరబడి ఒంటరిగా సాధన చేయించి ఆ తర్వాత ఆర్కెస్ట్రాలోకి తేరు, మొదట్లోనే పదిమందితో కూర్చోబెట్టేస్తారు. గుస్తావో డుడమెల్ లాంటి, ఆర్కెస్ట్రాలను నడిపే పేరున్న కండక్టర్ అక్కడి నుంచి వచ్చినవాడే. కాబట్టి పాఠాలు కావాలంటే తర్వాత పెట్టించుకోవచ్చు.

మొదటి ప్రోగ్రాంలో నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. నాలుగు ఆవర్తాలు, అంటే నాలుగు తాళం చుట్లు, ఆగి అందుకోవాల్సిన చోట మూడింటికే అందుకున్నాను. హాలంతా నిశ్శబ్దం, నా ఒక్క గొంతు! కాళ్ళు చల్లబడిపోయాయి. పక్కన నిలబడినవాడు, అప్పటిదాకా నాతో రెండు ముక్కలు కూడా మాట్లాడనివాడు, ఎవరికీ కనబడకుండా నా మణికట్టు మీద వేలితో లెక్క తట్టాడు. ఆ తట్టుతో మళ్ళీ సరిగ్గా అందుకున్నాను. తర్వాతి రిహార్సల్‌లో మేడమ్ నా పేరెత్తలేదు. మా వరుస మొత్తం చేత ఆ నాలుగు ఆవర్తాలూ పైకి లెక్కపెట్టించి పాడించారు.

అందుకే మీ అబ్బాయిని చేర్పించే ముందు ఒక రిహార్సల్‌కి వెళ్ళి వెనకాల కూర్చోండి. ఎవరైనా తప్పు పాడినప్పుడు నడిపేవాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి. ఒక్క పిల్లాడిని నిలబెట్టి అందరి ముందు చీవాట్లు పెడుతుంటే మాత్రం ఇంకో బృందం వెతుక్కోండి.